వాయిదా తేదీ కూడా మందుల చీటీలోనే: నెల్లూరు రోడ్డు మీద ఒక కేసు

పెంచలయ్య గురించి మూడు చోట్ల మూడు కాగితాలున్నాయి. ఒక ఓపీ చీటీలో "స్కిజోఫ్రీనియా కావచ్చు, తాగుడు మానాక మళ్ళీ రావాలి" అని ఉంది. లేని గొంతులు వినపడటం, లేనిపోని అనుమానాలు రావడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు అది. ఒక డీ-అడిక్షన్ సెంటర్ ఇచ్చిన కాగితంలో "మానసిక జబ్బు ఉంది, ముందు దానికి వైద్యం చేయించుకుని రావాలి" అని ఉంది. స్టేషన్ రికార్డులో "చిల్లర దొంగతనాలు, తాగి గొడవ, స్థిర నివాసం లేదు" అని ఉంది. ఏదీ అబద్ధం కాదు. ఒకరి కాగితం ఇంకొకరు చూడలేదు, అంతే. ఈలోపు మనిషి మాత్రం ఓపీ నుంచి రోడ్డుకి, రోడ్డు నుంచి స్టేషన్‌కి, అక్కణ్ణుంచి జైలుకి, జైలు నుంచి మళ్ళీ రోడ్డుకి తిరుగుతూనే ఉన్నాడు.

పేరు మార్చాను. నెల్లూరు జిల్లాలో వీధికో పెంచలయ్య ఉంటాడు కాబట్టి ఆ పేరుతో ఎవరినీ పట్టుకోలేరు. ఊరు, కేసుల వివరాలు కూడా కొంత మార్చాను. రాసుకుంటానంటే ఒప్పుకున్నాడు. చదివి వినిపిస్తే, "దోశలక్క గురించి ఇంకొంచెం రాయి సార్" అన్నాడు. రాశాను.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మా టీమ్‌లో ఒక సైకియాట్రిస్ట్, ఒక నర్సు, నేను, వారానికోసారి వచ్చే సైకాలజిస్ట్. జనాభా ఇరవై లక్షలు దాటిన జిల్లాకి ఇంతే. ఇలాంటి కేసుల్లో మందు ఏది, డోసు ఎంత అన్నది తేలిక భాగం. మందుకీ మందుకీ మధ్య మనిషిని ఎవరు ఎత్తుకుపోతున్నారో చూడటమే అసలు పని. పెంచలయ్య విషయంలో ఎత్తుకుపోయింది ఎక్కువగా కోర్టు వాయిదాలు.

మొదట చూసినప్పుడు

2023 ఎండాకాలం. మాకు కబురు పెట్టింది ఒక హెడ్ కానిస్టేబుల్. ఆయన బాధ ఆయనది. "సార్, ఈయన్ని ఎన్నిసార్లు లోపలేసినా ఇదే తంతు. దొంగైతే దొంగలాగా పారిపోవాలి గదా. వైరు కోసిన చోటే కూర్చోని ఉంటాడు" అన్నాడు. మా కేస్ షీట్‌లో నేను రాసుకున్న మొదటి వాక్యం అదే. రోగి దగ్గరికి పోకముందే సగం చరిత్ర ఆ మాటలో వచ్చేసింది.

మనిషికి నలభై దాటాయి. మద్రాసు బస్టాండ్ చుట్టుపక్కల తిరుగుతుండేవాడు. రోహిణి కార్తె ఎండలో ఒకదాని మీద ఒకటి మూడు చొక్కాలు. జుట్టు జడలు కట్టింది. ఎడమ మడమ మీద పుండు. నడుముకి కేబుల్ వైరు ముక్కలు చుట్టుకున్నాడు. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు కాలి నల్లగా గట్టిపడ్డాయి, గోళ్ళ కింద మసి. ఈ వేళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి, రెండు చోట్ల పనికొచ్చింది.

అడిగినదానికి జవాబు చెబుతాడు. కానీ మధ్యలో ఆగి, తల పక్కకి తిప్పి, అక్కడ లేని వాళ్ళతో "ఊరుకోండ్రా, సార్‌తో మాట్లాడుతుండా" అంటాడు. ఏ రోజు, ఏ ఊరు అంటే సరిగ్గానే చెప్పాడు. తన ఊరు మాత్రం చెప్పలేదు. చెబితే "టవరోళ్ళు" అమ్మ దగ్గరికి పోతారట.

టవరోళ్ళంటే ఎవరో తేలడానికి చాలా రోజులు పట్టింది. సెల్ టవర్ మీద కొందరు కూర్చుని అతని ఆలోచనలు లాగి, కేబుల్ టీవీ వైర్ల ద్వారా ఊళ్ళో అందరికీ వినిపిస్తున్నారు. వాళ్ళ తిట్లు తిరిగి అదే వైర్లలో అతని చెవికి వస్తాయి. స్తంభం మీద నుంచి వేలాడే వైరు కోస్తే కాసేపు మాట ఆగుతుంది. కోసిన వైరు చేతిలో ఉంటుంది కదా, దాన్ని కాలిస్తే లోపలి రాగి వస్తుంది. పాత ఇనుము కొట్టువాడు దానికి ఎంతో కొంత ఇస్తాడు. దాంతో క్వార్టర్. క్వార్టర్ పడితే, అతని మాటల్లోనే, "వాళ్ళు కొంచెం దూరంగా పోయి మాట్లాడతారు సార్."

వైరు కోయడం జబ్బు. రాగి అమ్మడం తాగుడు. రెండూ కలిపి ఐపీసీ 379, అంటే దొంగతనం కేసు. ఈ ముడిలో ఏ ఒక్క పోగు లాగినా మిగతావి బిగుసుకుంటాయి. తాగుడు ఒక్కటే మాన్పిస్తే గొంతులు దగ్గరికొస్తాయి, వైరు కోస్తాడు. మాత్రలిచ్చి వదిలేస్తే జేబులో చీటీతో పాటు వారెంటు కూడా ఉంటుంది. జైల్లో పెడితే తాగుడు ఆగుతుంది, మాత్రల సంగతి చెప్పేవాళ్ళుండరు.

తాగుడు వల్ల వచ్చిన పిచ్చా, కాదా

మొదట అందరికీ వచ్చే ప్రశ్న ఇదే. ఎక్కువ కాలం తాగేవాళ్ళకి చెవిలో మాటలు వినపడటం, అనుమానాలు రావడం ఉంటుంది. తాగుడు పూర్తిగా ఆపాక నెల దాటినా అవి తగ్గకపోతే జబ్బు వేరే ఉందని అనుకోవాలి. కానీ రోడ్డు మీదున్న మనిషిని నెల రోజులు తాగకుండా పెట్టి చూడటం ఎవరి తరం?

ఆ పరీక్ష అప్పటికే జైల్లో జరిగిపోయిందని లెక్కలు చూస్తుంటే తెలిసింది. పెంచలయ్య రిమాండ్‌లో రెండు నెలలకి పైగా ఉన్నాడు. లోపల చుక్క దొరకదు. "మాటలు ఆగినాయా?" అని అడిగితే, "యాడాగతాయి సార్. మాట్లాడతానే ఉండారు. కాకపోతే అక్కడ వైర్లు అందవు" అన్నాడు. డాక్టరుగారు స్కిజోఫ్రీనియా పక్కనున్న ప్రశ్నార్థకం కొట్టేసింది ఆ రోజే. ఆల్కహాల్ డిపెండెన్స్, అంటే తాగుడు లేకుండా ఉండలేని స్థితి, రెండో జబ్బుగా రాశారు. జైలు కాలాన్ని వైద్య చరిత్రలో భాగంగా అడగడం ఆ తర్వాత మాకు అలవాటైంది. ఎప్పుడు లోపలికి పోయాడు, ఎన్ని రోజులున్నాడు, లోపల ఏం వినిపించింది అన్నీ అడుగుతాం.

రిమాండ్‌కి పోయిన రెండో రోజు ఫిట్స్ వచ్చాయని కూడా అతనే చెప్పాడు. రోజూ తాగేవాడికి ఒక్కసారిగా ఆగితే మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు ఒళ్ళు వణికి, చెమటలు పట్టి, మనుషుల్ని గుర్తుపట్టని స్థితి రావచ్చు. ఇది ప్రాణం తీస్తుంది. తాగినవాడిని పట్టుకుని "పొద్దునకి దిగిపోతుందిలే" అనుకునే ప్రతి చోటా ఈ సంగతి గోడ మీద రాసి పెట్టాలి. మత్తు దిగిన రాత్రి కంటే ఆ మర్నాటి నుంచే భయం ఎక్కువ.

చట్టం ఏమంటుంది, ఎక్కడ ఇరుక్కుంటుంది

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 100వ సెక్షన్ స్పష్టంగా ఉంది. మానసిక జబ్బుతో, తనను తాను చూసుకోలేక తిరిగే మనిషి కనపడితే పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ఇల్లూవాకిలీ లేనివాడైతే మిస్సింగ్ ఎఫ్‌ఐఆర్ కట్టి కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ది. 18వ సెక్షన్ ప్రకారం ఇల్లు లేనివాళ్ళకి వైద్యం ఉచితం, తెల్లకార్డు లేకపోయినా సరే. మద్యం, మత్తుమందుల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా మానసిక జబ్బు కిందికే వస్తాయని నిర్వచనంలోనే ఉంది. కాబట్టి "తాగుబోతు, మా వార్డు కేసు కాదు" అనడానికి చట్టంలో చోటు లేదు.

హెడ్ కానిస్టేబుల్‌కి 100వ సెక్షన్ తెలుసు. చిక్కు ఇంకో కాగితంతో వచ్చింది. పెంచలయ్య మీద రెండు కేబుల్ దొంగతనం కేసులు, ఒక తాగి గొడవ కేసు ఉన్నాయి. వాయిదాకి రాలేదు కాబట్టి నాన్ బెయిలబుల్ వారెంటు ఉంది. వారెంటున్న మనిషి ఎదురుగా కనిపిస్తే పోలీసు చేయాల్సింది పట్టుకుని కోర్టులో పెట్టడం. ఒకే మనిషి, ఒకే కానిస్టేబుల్. ఒక కాగితం ఆస్పత్రికి తీసుకుపొమ్మంటుంది, ఇంకోటి కోర్టుకి.

వాయిదాకి ఎందుకు పోలేదంటే జవాబు చాలా మామూలుగా ఉంటుంది. అడ్రసు లేనివాడికి సమన్లు ఎక్కడ అంటిస్తారు? తేదీ రాసిచ్చిన చీటీ చొక్కా జేబులో వానకి తడిసి పోయింది. తేదీ గుర్తున్నా, కోర్టు హాల్లో మైకు ఉంటుంది, మైకుకి వైరు ఉంటుంది.

మడమ పుండుతో మొదలు

మొదట మాత్రల మాట ఎత్తలేదు. పుండు కడిగి కట్టు కట్టడం ఒక్కటే పని. మా సిస్టర్ రోడ్డు పక్కనే కూర్చుని కట్టు కట్టేది. కట్టు మార్చుకోవడానికి అతనే ఎదురుచూడటం మొదలైంది. పుండు మీద ఉన్న శ్రద్ధ గొంతుల మీద లేదు, కారణం పుండు నొప్పి పెడుతుంది. రోగి దేన్ని బాధ అంటున్నాడో దానికి ముందు వైద్యం చేయాలి. కళ్ళె, షుగరు, బీపీ పరీక్షలు కూడా ఆ కట్టు మాటునే అయిపోయాయి. టీబీ లేదు.

ఇక దోశలక్క. బస్టాండ్ వెనక రోడ్డులో పొద్దున్నే బండి పెట్టే ఆమె. నెల్లూరులో ఎర్రకారం దోశకి జనం ఎలా ఎగబడతారో తెలిసిందే, ఏడింటి నుంచి పదింటి దాకా ఆమెకి తలెత్తే తీరిక ఉండదు. అయినా పెంచలయ్యకి రోజూ మొదటి పెనం మీద రెండు దోశలు పక్కన పెట్టేది. "గిరాకీ మొదలైతే జనం ఈయన్ని చూసి పక్క బండికి పోతారు సార్. అందుకని ముందే పెట్టేస్తా. పెంచలన్న కూడా తెలిసినోడే, తినేసి ఆ గోడ పక్కకి పోతాడు" అంది. దయ, వ్యాపారం రెండూ ఉన్నాయి ఆ మాటలో. నాకు నచ్చింది కూడా అదే. వట్టి దయ నాలుగు రోజులకి అలిసిపోతుంది. ఆమెది రోజూ నడిచే ఏర్పాటు.

"అక్కా, దోశతో పాటు ఒక మాత్ర ఇస్తావా?" అని అడిగాం. వెంటనే ఒప్పుకోలేదు. "ఏమన్నా అయితే నా మీదకొస్తుంది గదా" అంది. న్యాయమైన భయం. ఆమె చేతికి చీటీ, మా ఫోన్ నంబరు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇచ్చాం. మాత్ర వేసుకోకపోతే బలవంతం చేయొద్దని, మాకు చెబితే చాలని, ఏమైనా అయితే బాధ్యత మాదేనని డాక్టరుగారే వచ్చి బండి దగ్గర నిలబడి చెప్పారు. కోల్‌కతాలో ఈశ్వర్ సంకల్ప అనే సంస్థ ఇదే పద్ధతిలో రోడ్డు మీదున్న మానసిక రోగులకి టీ కొట్టువాళ్ళ లాంటి చుట్టుపక్కల మనుషుల చేతుల మీదుగా వైద్యం నడిపింది. మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఆస్పత్రిలో కొన్నాళ్ళు

తాగుడు ఒక్కసారిగా ఆపడం రోడ్డు మీద జరిగే పని కాదు, ఫిట్స్ చరిత్ర ఉన్నవాడికి అసలే కాదు. అందుకని కొద్దికాలం అడ్మిషన్ కావాలి. బలవంతంగా చేర్చే దారి చట్టంలో ఉంది. 89వ సెక్షన్ కింద సాయంతో అడ్మిషన్ 30 రోజుల దాకా చేయొచ్చు. 102 కింద మేజిస్ట్రేట్ ఆస్పత్రికి వైద్య పరీక్ష కోసం పది రోజుల దాకా పంపొచ్చు. కానీ పుండు మానుతున్న దశలో అతనే "అక్కడ కాలు పూర్తిగా బాగుచేస్తారా?" అని అడిగాడు. సొంత ఇష్టంతో చేరాడు. అంతవరకు ఆగడం వల్ల టైము పోయింది, నమ్మకం పోలేదు.

వార్డులో థయామిన్ (బీ1 విటమిన్) ఇంజెక్షన్ ముందు, గ్లూకోజ్ తర్వాత. ఈ వరస తప్పితే తిండి లేక తాగేవాళ్ళకి మెదడు దెబ్బతినే ప్రమాదముంది. వణుకు తగ్గడానికి లోరాజెపామ్, రోజురోజుకీ తగ్గిస్తూ. గొంతులకి ఒలాంజపిన్ పది మిల్లీగ్రాములు. రోజూ మాత్ర మీద ఆధారపడలేం కాబట్టి, అతనితో మాట్లాడి, ఒకసారి వేస్తే వారాల పాటు పనిచేసే ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ ఇంజెక్షన్ ముందు సగం డోసు ఇచ్చి చూసి, తర్వాత 25 మిల్లీగ్రాములు మూడు వారాలకోసారి. ఈ మందుల వల్ల చేతులు బిగుసుకుంటే వేసే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రం గుప్పెడు ఇవ్వలేదు. దాన్ని మత్తు కోసం కొనేవాళ్ళు బస్టాండ్ల చుట్టూ ఉంటారు. తాగితే వాంతులు తెప్పించే డైసల్ఫిరామ్ మాట ఒక బంధువు లాంటి పెద్దమనిషి ఎత్తాడు. పక్కన రోజూ చూసే మనిషి లేకుండా, అందులోనూ ఇలా లేని గొంతులు వినపడే సైకోసిస్ ఉన్నవాడికి ఆ మందు ఇవ్వడం ప్రాణంతో ఆట.

డిశ్చార్జి రోజు పెద్ద ప్రశ్న: ఎక్కడికి? ఒక షెల్టర్ వాళ్ళు తాగేవాళ్ళని రానివ్వం అన్నారు. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. పక్కన ముసలివాళ్ళు పడుకుని ఉంటారు. కానీ లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది రోడ్డు మీదున్న వాళ్ళ కోసమే, వాళ్ళలో తాగేవాళ్ళు లేరనుకుంటే ఎలా? తాగి వచ్చిన రాత్రి బయటి వరండాలో పడుకోవాలి, గొడవ చేయకూడదు, తాగని రాత్రి లోపల అన్న ఒప్పందం మీద ఒప్పించాం. అమెరికాలో 1992లో న్యూయార్క్‌లో మొదలైన 'హౌసింగ్ ఫస్ట్' వాళ్ళు ఇంకా ముందుకు పోయి, తాగుడు మానాలన్న షరతు లేకుండానే ముందు ఇల్లిచ్చేస్తారు. మనకి ఇల్లు లేదు, వరండా ఉంది.

వాయిదాలు

మందు మొదలైన కొద్ది వారాలకే గొంతులు తగ్గుముఖం పట్టాయి. అయినా వారెంటు వారెంటే. ఏ రోజు పట్టుకుపోయినా ఇంజెక్షన్ తప్పుతుంది, మళ్ళీ మొదటికి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం మానసిక రోగికి ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి వచ్చిన లాయరమ్మ మొదట అడిగింది, "ఐపీసీ 84 వేద్దామా?" అని. మతిస్థిమితం లేని స్థితిలో చేశాడు కాబట్టి నేరం కాదనే వాదన అది. వినడానికి బాగుంది. తర్వాత ఆమే వివరించింది. ఆ వాదన గెలిస్తే నిర్దోషి అంటారు గానీ, సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతుల చట్టం) 335 కింద భద్రమైన కస్టడీలో ఉంచమనో, బంధువులకి అప్పగించమనో ఉత్తర్వు వస్తుంది. అప్పగించడానికి అప్పటికి బంధువే లేడు. చిల్లర వైరు దొంగతనానికి పడే శిక్ష కంటే ఆ విడుదలే పొడుగు కావచ్చు. ఆ దారి వదిలేశాం. వారెంటు రద్దు చేయమని రీకాల్ పిటిషన్, డాక్టరుగారి లెటర్, రాజీ పడదగిన కేసులు లోక్ అదాలత్‌కి. ఇదీ ప్లాన్.

వాయిదా తేదీల్ని మందుల చీటీలోనే, ఇంజెక్షన్ తేదీ కింద గడిలో రాయడం మొదలుపెట్టాం. దోశలక్క దగ్గరున్న చీటీలో కూడా అంతే. వాయిదా రోజు పొద్దున్నే తాగడం అతని అలవాటు, భయానికి. అందుకని ఆ రోజు మాలో ఒకరం బండి దగ్గరికే పోయి, దోశలు తిన్నాక నేరుగా కోర్టుకి తీసుకుపోయేవాళ్ళం. అంతకుముందే ఒక సెలవు రోజు కోర్టు ఆవరణ చూపించాం. ఎక్కడ నిలబడాలి, ఎవరు పేరు పిలుస్తారు, మైకు ఎటువైపు ఉంటుంది. మైకు చూసి, "దీని వైరు బయటికి పోదు గదా" అని వంగి చూసి తేల్చుకున్నాడు. పేరు పిలిచిన రోజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వారెంటు రద్దయింది.

లోక్ అదాలత్‌లో కేబుల్ ఆపరేటర్ చేతులు జోడించి, "నాకు డబ్బులేమీ వద్దు సార్. మళ్ళీ కోయకుండా చూడండి చాలు. మ్యాచ్ రోజు వైరు తెగిందంటే ఊరంతా నాకే ఫోన్లు" అన్నాడు. పెంచలయ్య అతనితో, "నీ వైరు తప్పు కాదులే అన్నా, టవరోళ్ళది" అన్నాడు. ఆపరేటర్ నవ్వాడు. దొంగతనం కేసుల్లో సొత్తు యజమాని రాజీ పడొచ్చు. ఒక కేసు అలా పోయింది. తాగి గొడవ కేసు చిన్న జరిమానాతో తేలింది. రెండో కేబుల్ కేసులో ఫిర్యాదుదారు ఊళ్ళో లేడు, అది నడుస్తూనే ఉంది. 2024 జూలై నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చాక 5,000 రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి శిక్ష పడేవాడు సొత్తు తిరిగిస్తే జైలు బదులు సమాజ సేవ అనే దారి పెట్టారు. పెంచలయ్య కేసు పాత చట్టం కింద కాబట్టి అతనికి నేరుగా వర్తించదు. కానీ ఇలాంటి వాళ్ళకి ముందుముందు పనికొచ్చే నిబంధన. ఆ సేవ ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో అనేది వైద్యం చేసే టీమ్‌తో కలిసి నిర్ణయిస్తేనే.

అమెరికాలోనే రాచెస్టర్‌లో 1995లో ప్రాజెక్ట్ లింక్ అని మొదలుపెట్టారు. జైలు, కోర్టు, ఆస్పత్రి, ఉండే చోటు, అన్నీ ఒకే టీమ్ చూస్తుంది. మత్తు అలవాటు, మానసిక జబ్బు రెండూ ఉన్నవాళ్ళకి వేరే వసతి కూడా అందులో భాగం. దానికి మూలం 1970లలో మ్యాడిసన్‌లో స్టైన్, టెస్ట్ అనే ఇద్దరు నడిపిన పద్ధతి, పదిమంది రోగులకి సుమారు ఒక ఉద్యోగి లెక్కన. మా లెక్కలో ఆ పద్ధతి సాధ్యం కాదు. అందులోంచి ఒక్కటి మాత్రం తీసుకోవచ్చు: కోర్టు క్యాలెండరు వైద్యుడి టేబుల్ మీద ఉండటం. దానికి డబ్బు ఖర్చు లేదు.

రొట్టెల పండుగ

2024 జూలైలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ. స్వర్ణాల చెరువులో లక్షల జనం, రాత్రింబగళ్ళు మైకులు, కొత్తగా వేసిన లైట్ల వైర్లు. పెంచలయ్యకి అది పండుగ కాదు. రెండు రోజులు మాత్ర వేసుకోలేదని అక్క ఫోన్ చేసింది, మూడో రోజు మనిషే లేడు. ఇంజెక్షన్ తేదీ దాటింది.

గొలగమూడిలో దొరికాడు. వెంకయ్య స్వామి ఆశ్రమంలో రోజూ అన్నదానం ఉంటుంది, మనసు బాగాలేని వాళ్ళు కూడా అక్కడ నిద్రలు చేస్తుంటారు. జబ్బు మొదలైన కొత్తలో ఇంట్లోవాళ్ళు అతన్ని ఏఎస్ పేట దర్గాలో నిద్ర చేయించారట, అందుకే ఇలాంటి చోటుకి కాళ్ళు వాటంతట అవే పోయి ఉంటాయి. దర్గాలకీ ఆశ్రమాలకీ తీసుకుపోయారని కుటుంబాల్ని తిట్టే డాక్టర్లున్నారు. నేను తిట్టను. ఆకలికి అన్నం, రాత్రికి నీడ, చుట్టూ ఇలాంటి మనుషులు దొరికే చోట్లు మనకి ఎన్ని ఉన్నాయి గనక? సంకెళ్ళు వేస్తే మాత్రం ఒప్పుకోకూడదు. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో చనిపోయాక కూడా దాని మీద రెండో మాట ఎందుకు? పెంచలయ్య అక్కడే కూర్చుని ఇంజెక్షన్‌కి భుజం చూపించాడు.

తిరిగొచ్చాక తెలిసింది, పండుగలో అక్క అతని పేరు మీద ఆరోగ్య రొట్టె పట్టుకుందని. కోరికను బట్టి రొట్టె పట్టుకోవడం, తీరాక మరుసటి ఏడు చెరువులో ఇంకొకరికి రొట్టె ఇవ్వడం అక్కడి ఆచారం. "వచ్చే ఏడు నువ్వొచ్చి చెరువులో ఇంకొకరికి రొట్టె ఇవ్వాల" అని అతనికి చెప్పి పెట్టింది. తర్వాతి ఏడు పండుగ రోజుల్లో ఇంజెక్షన్ ముందుకి జరిపాం, రాత్రి మకాం చెరువుకి దూరంగా మార్చాం.

వేళ్ళు, ఆధార్, అమ్మ

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ కావాలన్నా, రేషన్ కావాలన్నా ఆధార్ కావాలి. కొత్తది పెడితే తిరస్కరించారు. అంటే పాతది ఎక్కడో ఉంది. వేలిముద్రలు పడవు. ఒకటి, వైరు కాల్చి వేళ్ళ కొసలు పోయాయి. రెండు, అంతకుముందు ఏళ్ళ తరబడి సిమెంటులో పనిచేసిన చేతులు అవి. కంటిపాపతో కలిసింది. పాత అడ్రసు పశ్చిమ ప్రకాశంలో, కనిగిరి వైపు ఊరు. ఆ ప్రాంతం నుంచి బేల్దారి పనికి చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ పోయేవాళ్ళు ఎందరో. ఇతనూ మేస్త్రీ. చెన్నైలో ఒక అపార్ట్‌మెంట్ పని మీద ఉండగా, ముప్పై లోపే జబ్బు మొదలైంది.

అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. తమ్ముడు ఏడవలేదు. "సార్, మాకు చెప్పినందుకు దండం. కానీ ఆయన తాగొచ్చి మా పిల్లల్ని కొట్టింది మేం మర్చిపోలా" అన్నాడు. చాలా కేసు రిపోర్టులు 'కుటుంబంతో కలిపాం' అని ముగుస్తాయి. ఆ మాట రాయగానే ఫైలు మూసేస్తారు. ఇంటికి పోయిన మనిషికి ఆ ఊళ్ళో ఇంజెక్షన్ ఎవరిస్తారని ఎవరూ అడగరు. పెంచలయ్యని అడిగితే నెల్లూరులోనే ఉంటానన్నాడు. సమాజంలో బతికే హక్కు అని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్‌లో ఉన్నదానికి అర్థం, ఏ సమాజంలో అన్నది కూడా అతనే చెప్పడం. సంక్రాంతికి అమ్మని చూడటానికి పోయి, మూడు రోజులుండి వచ్చాడు. ఆ మూడు రోజులూ తాగలేదని తమ్ముడే ఫోన్ చేసి చెప్పాడు, గొంతులో కొంచెం ఆశ్చర్యంతో.

ఇప్పుడు

రాత్రిళ్ళు ఒక ఆటో మెకానిక్ షెడ్డులో పడుకుంటాడు, కాపలా ఉన్నట్టు కూడా ఉంటుందని మెకానిక్ ఒప్పుకున్నాడు. షెడ్డు నిండా వైర్లే. మాకు టెన్షన్. అతనికి లేదు. "వీటికి టవర్ లేదు సార్, ఇవి మాట్లాడవు" అన్నాడు. నమ్మకం పూర్తిగా పోలేదని కేస్ షీట్‌లో రాసుకున్నాం. దాంతోనే బతకగలుగుతున్నాడని కూడా రాసుకున్నాం.

పొద్దున అక్క బండి దగ్గర నీళ్ళు మోసి, ప్లేట్లు కడుగుతాడు. కూలి డబ్బులు ఆమె దగ్గరే దాచమని అతనే అడిగాడు. ఇలాంటి ఏర్పాటులో మోసానికి సందుంటుంది, ఎంత మంచి మనిషైనా. అందుకని ఒక నోటుబుక్కు, ప్రతి లెక్క పక్కన అతని సంతకం, నెలకోసారి మేం చూస్తాం. సదరంలో శాతం వచ్చింది, పెన్షన్ మంజూరు ఇంకా కాలేదు. వస్తే ఒకటో తారీఖున చేతికి ఒకేసారి వచ్చే డబ్బు ఇంకో పరీక్ష.

తాగుడు పూర్తిగా మానలేదు. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు వచ్చి 99 రూపాయలకే క్వార్టర్ దొరకడం మొదలయ్యాక కొన్ని వారాలు బాగా పెరిగింది. కడుపు నిండా తిన్నాకే తాగాలి, ఇంజెక్షన్ రోజు తాగకూడదు, తాగిన సంగతి దాచకూడదు, ఈ మూడు షరతులు చాలా వరకు నిలబెట్టుకుంటున్నాడు. మధ్యాహ్నం అన్న క్యాంటీన్‌లో 5 రూపాయల భోజనం ఉంది కాబట్టి ఖాళీ కడుపుతో తాగడం తగ్గింది. మొదటి అడ్మిషన్ తర్వాత వైరు కోసినట్టు కొత్త కేసు ఏదీ లేదు.

ఒలాంజపిన్ వల్ల బరువు పెరిగాడు, షుగరు అంచుకి వచ్చింది. డోసు తగ్గించి ఇంజెక్షన్ మీదే నిలపాలని డాక్టరుగారి ఆలోచన. రోడ్డు వెడల్పు పనుల్లో అక్క బండి పక్క వీధికి మారొచ్చని అంటున్నారు. మారితే చీటీ, నోటుబుక్కు, మాత్రలు మెకానిక్ దగ్గర కూడా ఒక సెట్టు ఉంచాలని ఇద్దరితో మాట్లాడాం. రెండో కేబుల్ కేసు వాయిదా వచ్చే నెల, ఇంజెక్షన్ తేదీ కూడా అదే రోజు పడింది. అది ముందు రోజే వేయమని సిస్టర్‌కి చెప్పాం.